వేప ఎండిందా, పడిపోతుందా? ముందు ఏది అడగాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇల్లు కట్టినప్పుడు మావారు గేటు పక్కన నాటిన వేపచెట్టుకు ఇప్పుడు నలభై ఏళ్లు. దసరా దాటినప్పటి నుంచి కొమ్మల చివర్లు మాడిపోయినట్టు ఎండుతున్నాయి. మిషన్ కోత అతను వచ్చి చెట్టు మొదలు దగ్గర తట్టి చూసి, "అమ్మా, లోపలంతా డొల్ల. గాలొస్తే పడిపోతది. నేనే కొట్టి తీసుకపోతా, ఆరు వేలిస్తా" అన్నాడు. మా కారు మీద పడితే ఎవరిది పూచీ అని పక్కింటివాళ్లు అడుగుతున్నారు. మా అత్తగారు ఆ చెట్టుకు పసుపు కుంకుమ పెట్టేది, పోచమ్మ చెట్టును ముట్టుకోవద్దని మా ఆడపడుచు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయేమో "ఆర్బరిస్ట్‌కు చూపించమ్మా" అంటాడు. అలాంటివాళ్లు ఇక్కడ ఎవరున్నారు? రెండేళ్ల కింద రోడ్డు వైపు మోరీ కట్టారు, అప్పుడే మేమూ వాకిట్లో టైల్స్ వేయించుకున్నాం. అప్పటిదాకా చెట్టు బాగానే ఉండేది. వెనకాల మామిడిచెట్టు మొదట్లో కూడా రంపపు పొట్టులాంటిది రాలుతోంది. గాలి వీస్తే చాలు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటతోనే మొదలుపెడతాను. అమెరికాలో చెట్టుకు బాగా లేకపోతే ఆర్బరిస్ట్‌ను పిలుస్తారు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న చెట్ల డాక్టరన్నమాట. వచ్చి మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా చూసి, జబ్బేమిటో, పడే ప్రమాదమెంతో కాగితం మీద రాసిస్తాడు. మన దేశంలో అలాంటివాళ్లు పెద్ద నగరాల్లో కొద్దిమంది ఉన్నారు గానీ, మీరు పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చి వాలే మనుషులు కారు. మన దగ్గర ఆ ఒక్క డాక్టరు పని నలుగురి మధ్య చీలిపోయి ఉంది. తెగులు చూసేవాళ్లు వేరు, కొట్టడానికి అనుమతి ఇచ్చేవాళ్లు వేరు, కరెంటు తీగ సంగతి చూసేవాళ్లు వేరు. ఎవరి దగ్గరికి పోవాలో తెలియక చివరికి అందరం మిషన్ కోత అతనికే చూపిస్తాం. పొట్టేలు ఎలా ఉందని కసాయిని అడగడం లాంటిదే ఇది. అతను చెడ్డవాడని అనడం లేదు. అతని కళ్లకు చెట్టు కట్టెగా కనిపిస్తుంది, అంతే.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా ఊళ్లో పెరటి మామిడికి ఓ వైపు తొర్ర పడింది. చూసినతను డొల్ల అన్నాడు, సరే కొట్టెయ్యమన్నాను. కొట్టాక మొద్దు చూస్తే మధ్యలో అన్నం పళ్లెమంత మేర మాత్రం పుచ్చి ఉంది. దాని చుట్టూ జానెడు మందాన రాయిలాంటి కట్టె. ఆ మొద్దు మీద కూర్చోవడానికి మా అమ్మ చాన్నాళ్లు ఒప్పుకోలేదు.

చెట్టు విషయంలో ఎవరినైనా పిలిచే ముందు రెండు ప్రశ్నల్ని విడదీసుకోవాలి. చెట్టుకు జబ్బు చేసిందా అనేది ఒకటి. చెట్టు పడిపోతుందా అనేది ఇంకొకటి. మనం రెండూ కలిపేస్తాం. ఆకులు ఎండితే పడిపోతుందనుకుంటాం, పచ్చగా ఉంటే భయం లేదనుకుంటాం. మీ పక్క జిల్లాలోనే, తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న వీచిన గాలికి దాదాపు 50 వేల చెట్లు నేలకొరిగాయి. పచ్చగా, నిండుగా ఉన్న చెట్లే అవి. మరోవైపు, నిలువునా ఎండిపోయినట్టు కనిపించిన వేపలు మళ్లీ చిగుర్లు వేయడం మీరూ చూసే ఉంటారు. 2021లో వానలు వెనకపట్టాక తెలంగాణలో ఊరూరా వేపలు మాడిపోయినట్టు అయ్యాయి గుర్తుందా? ఇక వేప అనేదే ఉండదేమో అని పేపర్లు కూడా రాశాయి. వాటిలో చాలా చెట్లు తర్వాతి ఎండాకాలానికల్లా లేత ఎరుపు చిగుర్లతో తేరుకున్నాయి.

ఆ జబ్బు పేరు ఎండుతెగులు. ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వస్తుంది. టీ దోమ అనే చిన్న పురుగు లేత కొమ్మల రసం పీల్చి గాయం చేస్తే శిలీంద్రానికి దారి ఇంకా సులువవుతుంది. వానాకాలంలో అంటుకుని, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా బాగా బయటపడుతుంది. కొమ్మ చివర మొదలై లోపలికి పాకుతూ వస్తుంది. మీరు రాసిన "దసరా దాటినప్పటి నుంచి", "చివర్లు మాడినట్టు" అనే రెండు మాటలూ దీనికి సరిగ్గా అతుకుతాయి.

ఒక చిన్న పరీక్ష మీరే చేయొచ్చు. చేతికి అందే ఎండు కొమ్మ ఒకటి చూసుకుని చివర నుంచి లోపలికి బెత్తెడు బెత్తెడు దూరంలో గోరుతోనో కత్తి మొనతోనో బెరడు పైపొర గీరండి. చివర్లో గోధుమ రంగులో పొడిగా ఉంటుంది. కాస్త లోపలికి వస్తే ఒకచోట ఆకుపచ్చగా, తడిగా తగులుతుంది. ఆ పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడి నుంచి కొమ్మ బతికే ఉన్నట్టు. రెండడుగుల లోపలే పచ్చ తగిలితే స్థిమితంగా ఉండండి. బొటనవేలంత లావు కొమ్మల్లో కూడా ఎక్కడా పచ్చ లేకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది తెగులూ కాదు, డొల్ల మాటా కాదు. మోరీ కట్టారు, టైల్స్ వేయించాం, అప్పటిదాకా బాగానే ఉండేది అని మధ్యలో ఒక వాక్యం రాసి దాటేశారు చూడండి, అదీ.

చెట్టుకు వేళ్లు పాతాళం దాకా పోతాయని మనకో నమ్మకం. నీళ్లూ బలమూ పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. పక్కలకు మాత్రం కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. చెట్టును కూలకుండా పట్టుకునే లావు వేళ్లు మొదలు చుట్టూ ఉంటాయి. మోరీ కోసం జేసీబీతో తవ్వితే ఆ వైపు వేళ్లు తెగిపోతాయి, నరికినట్టు కాదు, పీకినట్టు. చీలిన వేరు చివర్ల నుంచి కుళ్లు లోపలికి పోతుంది. ఆ వెంటనే ఏమీ కాదు. రెండు మూడేళ్లకు పైన కొమ్మలు ఎండటం మొదలైతే ఎప్పుడో తవ్విన మోరీ ఎవరికీ గుర్తు రాదు. ఇంటి వైపు టైల్స్ కింద కాంక్రీటు పోశాక వాన నీళ్లు దిగవు, గాలి ఆడదు. అంటే మీ చెట్టుకు ఒక చెయ్యి నరికి, రెండో వైపు ముక్కు మూసినట్టయింది.

కాబట్టి డాబా ఎక్కి చూడండి. ఎండటం చెట్టంతా చెదురుమదురుగా, అన్ని కొమ్మల చివర్లలో ఉంటే తెగులు పని అనుకోవచ్చు. ఒక వైపే, ముఖ్యంగా రోడ్డు వైపే పెద్ద కొమ్మలు కొమ్మలుగా ఎండుతుంటే వేళ్లను అనుమానించాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. నీరసంగా ఉన్న మనిషికే జ్వరం తొందరగా అంటుకుంటుంది కదా.

తర్వాత కిందికి దిగి మొదలు దగ్గర కూర్చోండి. చెట్టు నేలలోకి దిగేచోట మామూలుగా కాస్త వెడల్పై, వేళ్ల బోదెలు కనపడాలి. స్తంభం పాతినట్టు నిటారుగా నేలలోకి పోతుంటే మొదలు మీదికి మట్టో సిమెంటో ఎక్కిందని అర్థం. బెరడుకు, నేలకు కలిసేచోట పుట్టగొడుగుల్లాంటివి, చెక్క ముక్కల్లా గట్టిగా అంటుకున్న గొడుగులు కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి. లోపల కుళ్లుందని చెప్పే ముఖ్యమైన గుర్తు అది. చెద మట్టి గీతలుంటే మాత్రం హడావిడి పడకండి. చెద ఎక్కువగా ఎండిన బెరడునీ చచ్చిన కట్టెనీ తింటుంది. మట్టి దులిపి చూస్తే కింద బెరడు గట్టిగానే ఉండటం మామూలే. మోరీ వైపు నేల నెర్రె విచ్చిందా, టైల్స్ లేచాయా, కాంపౌండు గోడకు కొత్తగా పగులొచ్చిందా చూడండి. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు ఒకటి కొమ్మకు కట్టి వదిలి, అది నేల మీద ఎక్కడ ఆగిందో సుద్దతో గుర్తు పెట్టండి. పదిహేను రోజులకోసారి, గాలి లేనప్పుడు చూస్తే చాలు. నలభై ఏళ్లుగా వంగి ఉన్న చెట్టుతో భయం తక్కువ. ఈ మధ్య వంగడం మొదలుపెట్టిన చెట్టుతోనే భయం. నేల నెర్రె విచ్చి, చెట్టు కూడా కొత్తగా ఒరిగితే ఈ ఉత్తరం పక్కన పెట్టి, కారు తీయించి, అదే రోజు మున్సిపల్ వాళ్లకు ఫోన్ చేయండి.

డొల్ల అన్న మాట గురించి కూడా చెప్పాలి. పెద్ద వయసు చెట్లలో లోపల గుల్ల ఉండటం వింతేమీ కాదు. చెట్టు బతుకంతా బెరడు కింద పొరల్లో ఉంది. నడిమి కట్టె నిలబెట్టడానికే. ఇనప గొట్టం లోపల ఖాళీయే, అయినా పందిరి మోస్తుంది. చుట్టూ గట్టి కట్టె ఎంత మందం మిగిలిందన్నదే లెక్క. మొదలు మధ్య నుంచి అంచు దాకా కొలిచి, అందులో మూడో వంతు మందం గట్టిగా ఉంటే సాధారణంగా చెట్టు నిలబడుతుందని చెట్లు పరీక్షించేవాళ్లు ఒక అంచనా పెట్టుకుంటారు. అది కూడా తొర్ర నోరు తెరుచుకుని లేకపోతేనే. ఒకచోట తట్టి డొల్ల అని తేల్చడం కుదరదు. చెక్క సుత్తితో మొదలు చుట్టూ, కింది నుంచి ఛాతీ ఎత్తు దాకా తట్టుకుంటూ పోవాలి. గట్టి కట్టె 'ఠక్' అంటుంది, గుల్ల 'డబ్' అంటుంది. ఊడిన బెరడు మీద తట్టినా 'డబ్' అనే వస్తుంది, మోసపోయేది అక్కడే.

ఇక ఎవరికి చూపించాలి? తెగులు సంగతికి మీకు దగ్గర్లోనే మంచి దిక్కుంది. ములుగు రోడ్డులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది, మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తెగుళ్ల శాస్త్రవేత్త ఎవరని అడగండి. రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రం వాళ్లయినా చూస్తారు. (ఉద్యాన విశ్వవిద్యాలయం ములుగులో ఉందని ఎవరైనా చెబితే అది సిద్దిపేట జిల్లా ములుగు. మీ ములుగు బస్సెక్కితే మేడారం పోతారు.) ఫోన్‌లోనే ముందు మాట్లాడాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులోనే చెబుతారు. మా ఇల్లు పొలం కాదు కదా అని మొహమాటపడకండి.

ఖాళీ చేతులతో మాత్రం వెళ్లకండి. "చెట్టు ఎండుతోందండీ" అంటే వాళ్లయినా ఏం చెబుతారు? పూర్తిగా ఎండిన రెమ్మ పనికిరాదు, అందులో తెగులు పని అయిపోయి ఉంటుంది. సగం ఎండి సగం పచ్చగా ఉన్న రెమ్మ, ఆ రెండూ కలిసేచోటు ఉండేలా కోసి, న్యూస్‌పేపర్లో చుట్టి అదే రోజు తీసుకెళ్లండి. పాలిథిన్ కవర్లో పెడితే చెమట పట్టి వేరే బూజు వస్తుంది. మొదలు పక్క మట్టి గుప్పెడు వేరేగా. ఫోన్‌లో నాలుగు ఫొటోలు: చెట్టంతా కనపడేలా రోడ్డు అవతలి నుంచి ఒకటి, డాబా మీద నుంచి ఒకటి, మొదలు దగ్గరది, ఎండుతున్న రెమ్మ దగ్గరది. మోరీ ఏ నెలలో తవ్వారో, చెట్టుకు ఎన్ని అడుగుల దూరంలో తవ్వారో చీటీ మీద రాసుకోండి. నా అనుభవంలో సగం రోగం ఆ చీటీలోనే దొరుకుతుంది.

పడుతుందా లేదా అన్న రెండో ప్రశ్నకు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఉద్యాన విభాగానికి, అటవీ రేంజ్ ఆఫీసుకు ఒక అర్జీ పెట్టండి. వచ్చి చూసి రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఆ కాగితం మీ పక్కింటివాళ్లకు చూపించడానికీ పనికొస్తుంది. చూసి కొట్టేయాల్సిందే అన్నా కూడా వాల్టా, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి సంగతి అటవీ శాఖ దగ్గర తేల్చుకున్నాకే గొడ్డలి పడాలి. సొంత ఇంట్లో చెట్టయినా సరే. ఆరు వేలిస్తానన్న అతను ఈ ముక్క మీకు చెప్పి ఉండడు.

వచ్చినవాళ్లు పని తెలిసినవాళ్లో కాదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలిసినవాళ్లు ముందు తల ఎత్తరు, వంగుతారు. మొదలు దగ్గర మట్టి కాస్త తోడి చూస్తారు, చుట్టూ తిరుగుతారు, ఇక్కడ ఎప్పుడైనా తవ్వారా అని అడుగుతారు. రాగానే చుట్టుకొలత పట్టి కట్టె ఎన్ని క్వింటాళ్లవుతుందో చెప్పే మనిషికి మంచినీళ్లిచ్చి పంపించండి.

చెట్లకు వైద్యమా అని మీ వాడకట్టులో ఎవరైనా నవ్వితే పిల్లలమర్రి సంగతి చెప్పండి. మహబూబ్‌నగర్ దగ్గరి ఆ మర్రికి వందల ఏళ్లు. చెద పట్టి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకుల్ని ఆపేశారు. మొదట అటవీ శాఖ వాళ్లు కాండానికి రంధ్రాలు చేసి మందు పోస్తే అది బయటికి కారిపోయింది. దాంతో 2018లో ఆస్పత్రిలో సెలైన్ పెట్టినట్టే వందల సీసాలు కొమ్మలకు వేలాడదీసి, నీళ్లలో కలిపిన చెద మందును చుక్క చుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. మర్రి బతికింది. అయితే వేపకూ సెలైన్ పెడతానని మీ గేటు దగ్గరికి ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. అది చెదకు చేసిన వైద్యం, మీ చెట్టు రోగం అది కాదు.

ఈలోగా ఎవరినీ అడగకుండానే చేయగలిగినవి ఉన్నాయి. మొదలు చుట్టూ మూడడుగుల మేర టైల్స్ తీయించేయండి. సుత్తి, ఉలితో చేతిపనిగానే. మళ్లీ మిషన్ పెట్టారంటే ఉన్న వేళ్లు కూడా పోతాయి. టైల్స్ ఖర్చు గుర్తొచ్చి మనసు పీకుతుంది, తెలుసు. మొదలు మీదికెక్కిన మట్టి తీసి, మాగిన ఆకు ఎరువు రెండంగుళాల మందాన పరవండి, బెరడుకు తగలకుండా. శివరాత్రి దాటాక పదిహేను రోజులకోసారి, పైపు సన్నగా వదిలి రెండు మూడు గంటలు నీళ్లు పారనివ్వండి. బట్టల సబ్బు నీళ్లు వద్దు. మీ అత్తగారి ఆనవాయితీ నిలుపుకోండి గానీ దీపం మాత్రం బెరడుకు ఆనించకుండా దూరంగా పెట్టండి. బోర్డులకు కొట్టిన మేకులు, బిగుసుకుపోయిన బట్టల తీగ ఉంటే తీసేయించండి.

ఎండు కొమ్మలు తీయించాలి, అది ఏప్రిల్ గాలిదుమారాలు మొదలవకముందే. నిద్ర పట్టనివ్వని భయంలో సగం దీంతోనే తీరుతుంది, ఎందుకంటే కారు మీద పడేది చాలాసార్లు చెట్టు కాదు, ఎండు కొమ్మ. కరెంటు తీగ దగ్గరుంటే లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగకు కరెంటు ఆపించడం) తీసుకోందే ఎవరినీ చెట్టెక్కనివ్వొద్దు. ఎండిన చోటు దాటి, పచ్చ తగిలాక ఇంకో జానెడు లోపలికి కోయించండి. కోసిన చివర్లకు బోర్డో పేస్టు పూయాలి. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో వేరువేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, అప్పుడు కలపాలి. ఇనప పాత్ర వాడొద్దు. కోసిన రెమ్మలు చెట్టు కింద వదలకుండా తీసేయించండి. "అమ్మా, పైనంతా బోడి చేసేస్తే మళ్లీ గుబురుగా వస్తది" అని కోసే అతను తప్పకుండా అంటాడు. ఒప్పుకోవద్దు. బోడి చేసిన చెట్టుకు వచ్చే కొమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, నాలుగేళ్లకు లావెక్కి పుటుక్కున విరుగుతాయి.

మామిడి సంగతి తేలికే. ఆ పొట్టు కాండం తొలిచే పురుగుది. పొట్టు రాలేచోటికి నిలువుగా పైకి చూస్తే బెరడు మీద పెన్సిలంత రంధ్రం దొరుకుతుంది. సైకిల్ చువ్వలాంటి తీగ కొక్కెంలా వంచి లోపలికి దూర్చి తిప్పితే లావుపాటి తెల్ల పురుగు ముక్కలు బయటికొస్తాయి. తర్వాత పెట్రోలులో తడిపిన దూది కుక్కి, తడిమట్టితో నోరు మూసేయండి. దగ్గర్లో దీపం, బీడీ లేకుండా చూసుకోండి. పది రోజులయ్యాక కొత్త పొట్టు రాలితే ఇంకో రంధ్రం ఉన్నట్టు. చెట్టు మీద బదనిక (కొమ్మను పట్టుకుని దాని రసం పీల్చి బతికే మొక్క) కూడా ఉందేమో చూడండి. మామిడాకు కాని ఆకు గుబురు ఎక్కడైనా కనిపిస్తే అదే. పట్టుకున్న కొమ్మతో సహా కోయించాలి.

వేపకు మందు పేరూ మోతాదూ నేను ఇక్కడ రాయడం లేదు. రెమ్మ చూసిన శాస్త్రవేత్తే రాసివ్వాలి. నలభై అడుగుల చెట్టుకు వీధిలో మందు కొట్టడమంటే పక్కింటి బియ్యం, పిల్లల ముఖాలు, తేనెటీగలు అన్నీ అందులో ఉంటాయి. చిగురు ఎలాగూ ఫిబ్రవరి, మార్చిలోనే తెలుస్తుంది, అప్పటిదాకా చెట్టు పోయిందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఒకవేళ వాళ్లు మందు కొట్టమంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. ఈసారి పళ్లపుల్లకని ఎవరినీ ఆ చెట్టు రెమ్మ విరవనివ్వకండి, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఇంకో వీధి నుంచి తెచ్చుకోండి.